భారతం కూత్తుకూ విమర్శకుడు కావాలి

మార్గళి మాసం వస్తే చెన్నై సభల్లో ఎవరు ఏ రాగం ఎలా పాడారో మర్నాడు పేపర్లో చదువుకోవచ్చు. విమర్శకుడు సుబ్బుడు కలానికి జంకుతూనే ఆయన రాత కోసం ఎదురుచూసిన విద్వాంసులున్నారు. ఆ నగరానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని కావేరిపాక్కం మొదలు వేలూరు, గుడియాత్తం దాకా ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుళ్ల ముందు సాగే నాటకాలకు మాత్రం సమీక్ష దాదాపు కనిపించదు. మధ్యాహ్నం భారత ప్రసంగం, రాత్రంతా కూత్తు అనే తమిళ వీధినాటకం, నడుమ ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, ఆఖరున మట్టితో పోసిన దుర్యోధనుడి భారీ బొమ్మ దగ్గర పడుకళం అనే వధ ఘట్టం, సాయంత్రం అగ్నిగుండం. వార్తల్లోకి ఎక్కేది ఆ గుండం ఫొటో ఒక్కటే. తెల్లవార్లూ ఆడినవాళ్లు ఎవరో, ఎలా ఆడారో ఎక్కడా నమోదు కాదు. ఈ నాటకాలకు రాతపూర్వకమైన విమర్శ కావాలి, అది తెలుగులోనూ రావాలి. ఎందుకంటే 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ఊళ్లూ చిత్తూరు వైపు పల్లెలూ ఒకే ఉత్తర ఆర్కాడు జిల్లా. ఇవాళ్టికీ చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందు పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర దుర్యోధన వధ ఇదే వరసలో జరుగుతాయి.

ఇది మొక్కుబడి, అమ్మవారి కార్యం, దీనికి గుణదోష విచారణ ఏమిటి అని అడిగేవారున్నారు. భక్తితో చేసే పనిలో మంచిచెడ్డలు చూడకూడదన్న నియమం ఆ ఊళ్లలోనే లేదు. ఏ జమాను (నాటక బృందాన్ని) పిలవాలి, ఎవరి కర్ణుడు బాగుంటాడు, ముఖవీణ ఎవరిది గట్టి అని తర్కించాకే పెద్దలు తాంబూలం ఇస్తారు. విమర్శ అక్కడ పుష్కలంగా ఉంది, కానీ తెల్లారేసరికి గాలిలో కలిసిపోతుంది. ‘కర్ణ మోక్షం’ సంగతే చూడండి. యుద్ధానికి వెళ్లే ముందు కర్ణుడు భార్య పొన్నురువి దగ్గర సెలవు అడుగుతాడు, ఆమె అతని పుట్టుకను ఎత్తి పొడుస్తుంది. ఆ మాటలను నటుడు ఏ గొంతుతో అన్నాడు, హాస్యగాడు కట్టియక్కారన్ ఆ ఘట్టాన్ని నవ్వులాటగా మార్చాడా, బరువు పెంచాడా, కులం లెక్కలు ఇంకా చెదరని ఊళ్లో జనం దాన్ని ఎలా విన్నారు? పరిశోధకులు హిల్టెబైటెల్ ద్రౌపది ఆరాధన మీద, ఫ్రాస్కా 1990లో తెరుక్కూత్తు (వీధి కూత్తు) మీద పెద్ద పుస్తకాలే రాశారు. అవి సంప్రదాయాన్ని వివరిస్తాయి. నిన్న రాత్రి ఆడిన కర్ణుడి గురించి చెప్పడం పరిశోధకుడి పని కాదు, సమీక్షకుడి పని.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది. కొన్ని నెలల ఆటతో ఏడాదంతా నెట్టుకొచ్చే కళాకారుడి పొట్ట మీద పేపర్లో ఒక చెడ్డమాట కొడుతుందని. ఆ భయం న్యాయమైనదే. అయితే ఏమీ రాయకపోవడం వల్ల వాళ్లకు ఒరిగిందేమిటి? పురిసై నటేశ తంబిరాన్ కూత్తు చూసి కదిలిపోయిన తమిళ రచయిత న. ముత్తుసామి దాని గురించి వ్యాసాలు రాశారు, 1977లో కూత్తుప్పట్టరై నాటక బృందం స్థాపనకు పూనుకున్నారు. నగర నాటకరంగం ఆ కళను గౌరవంగా చూడటంలో ఆ రాతల పాత్ర చిన్నది కాదు. నిజమైన ప్రమాదం సగం చూసి రాసేవాడితోనే. రాత్రంతా నడిచే ఆటను నగర ఉత్సవాల్లో గంటన్నరకు కుదిస్తే మిగిలేది కిరీటాలు, గిరికీలు. దాన్నే కూత్తు అనుకున్న విమర్శకుడు పల్లెలో ఆట సాగదీశారని తప్పు పడతాడు.

మన పరిషత్తు నాటకాల అలవాటు కూడా ఇక్కడ పనికిరాదు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు తర్వాత పోటీలు విస్తరించాయి, నటనకు మార్కులు వచ్చాయి, వార్తల్లో బహుమతుల జాబితా మిగిలింది. ఉత్తమ నటుడు ఎందుకు ఉత్తముడో ఆ జాబితా చెప్పదు. కూత్తు సమీక్షకుడు తెర పట్టినప్పటి నుంచి తెల్లవారేదాకా కూర్చోవాలి, పాటకూ ఆశువుగా అన్న మాటకూ తేడా పట్టాలి, స్త్రీ వేషం కట్టిన మగవాడి పనితనాన్ని పేరుతో సహా రాయాలి. రెండు భాషలూ తెలిసిన గుడియాత్తం, కాట్పాడి తెలుగువాళ్లు అందుకు అందరికంటే తగినవాళ్లు. పలమనేరు పక్క తెలుగు కర్ణుడినీ కావేరిపాక్కం పక్క తమిళ కర్ణుడినీ ఒకే వేసవిలో చూసి పోల్చగలిగేది వాళ్లే. తెలుగు పత్రికలు తిరుపతి, చిత్తూరు ఎడిషన్లలో వారానికి అర పేజీ ఇస్తే వచ్చే చిత్తిరై మాసానికే ఈ పని మొదలుపెట్టవచ్చు.