పగిలిన కప్పులో సూదుల మెత్త
ముందు ఇంటికి, తర్వాతే అమ్మకానికి

నర్సాపురం, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతాల పల్లెల్లో సూది పట్టే ఆడవారు లేని వీధి అరుదు. లేసు అల్లేవారు కొందరు, మిషను కుట్టేవారు కొందరు, చీరలకు ఫాల్సు కుట్టి, జాకెట్లకు హుక్సు వేసి నాలుగు రూపాయలు సంపాదించుకొనేవారు మరికొందరు. ఇన్ని సూదులు తిరిగే ఇళ్లలో సూది పెట్టడానికి ఒక చోటంటూ ఉండదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచినప్పుడు చేతిలోని సూదిని కొందరు పైట చెంగుకు గుచ్చుకుంటారు. కొందరు చాపకు గుచ్చుతారు. గోడకు వేలాడే క్యాలెండరుకు గుచ్చేవారూ ఉన్నారు. దర్జీలైతే గుండుసూదులను పెదవుల మధ్య బిగించి పని చేస్తారు. ఎవరైనా పలకరిస్తే ఆ సూదులతోనే జవాబు చెబుతారు.

ఇది అలవాటైన విషయం కనుక ఎవరికీ తప్పుగా తోచదు. చాపలో మిగిలిన సూది పాకే పిల్లవాడి మోకాలిలో దిగినప్పుడే అందరూ వెతుకులాట మొదలు పెడతారు. సూది సగం విరిగి లోపల ఉండిపోతే పైకి చిన్న చుక్క మాత్రమే కనిపిస్తుంది. దానిని పిన్నీసుతో కెలకడం వల్ల ముక్క ఇంకా లోపలికి పోతుంది. నోట్లో పెట్టుకున్న గుండుసూది నవ్వు వచ్చినా, దగ్గు వచ్చినా గొంతులోకి జారవచ్చు. అలాంటప్పుడు అరటిపండు మింగించడం, వాంతి చేయించడం వంటి సొంత వైద్యాలు చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తుప్పు పట్టిన సూది గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందని పెద్దలు భయపడటం కద్దు. వారి భయం సరైనదే గాని కారణం తుప్పు కాదు. మట్టిలోను, పశువుల పేడలోను ఉండే సూక్ష్మజీవులు లోతైన గాయంలోకి చేరితే ఆ జబ్బు వస్తుంది. పశువుల పాక పక్కనే ఉన్న ఇంట్లో నేల మీద పడిన కొత్త సూది అయినా ప్రమాదమే. టీకా వేయించుకోవడం ఎంత అవసరమో, సూదిని నేల మీద పడనీయకపోవడం అంతే అవసరం.

దీనికి మార్గం ప్రతి ఇంట్లోనే ఉంది. పిడి విరిగిన పింగాణీ కప్పు ఒకటి అటక మీదనో, అలమరలోనో లేని ఇల్లు ఉండదు. తాతల నాటి పూల కప్పని పారవేయడానికి మనసొప్పదు. అలాగని అందులో టీ పోసి చుట్టానికి ఇవ్వలేరు. ఇవ్వకూడదు కూడా. పెచ్చు ఊడిన చోట, సన్నని బీటల్లో మురికి నిలుస్తుంది. పాత పింగాణీల మెరుపు పూతల్లో కొన్నింట సీసం ఉంటుంది. కనుక తిండికి పనికిరాని ఆ కప్పును సూదులకు ఇవ్వడమే మేలు. దర్జీ దుకాణంలో ఊడ్చి కాల్చివేసే గుడ్డ ముక్కలు దీనికి తోడైతే ఒక సూదుల మెత్త తయారవుతుంది. పట్నంలో దీనినే పిన్ కుషన్ అంటారు.

చేసే పద్ధతి కష్టం కాదు. కప్పును సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టాలి. పిడి విరిగిన చోట వాడి అంచును ఉప్పు కాగితంతో రుద్ది నున్నగా చేయాలి. నిలువునా బీట పారినదైతే వద్దు, ఎప్పుడో ఒకప్పుడు చేతిలోనే విచ్చుకుంటుంది. కప్పు మూతికి సుమారు రెండున్నర రెట్లు వెడల్పు ఉండే గుండ్రని గుడ్డ కత్తిరించుకోవాలి. మూడు అంగుళాల మూతికి ఏడున్నర అంగుళాల గుడ్డ అన్నమాట. నేత దట్టంగా ఉండే నూలు గుడ్డ మంచిది. పట్టు, జరీ ముక్కలు చూపుకు బాగుంటాయి గాని సూది పోట్లకు పోగులు లేచిపోతాయి. గుడ్డ అంచు చుట్టూ రెండు పోగుల దారంతో టాకాలు వేసి, నెమ్మదిగా లాగితే సంచిలా ముడుచుకుంటుంది. అందులో గోరంత ముక్కలుగా కత్తిరించిన పేలికలు కూరాలి. గట్టిగా కూరడంలోనే పనితనం ఉంది. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగకూడదు. తర్వాత మూతి బిగించి, ముడి వేసి, కప్పు లోపల బంక రాసి, ముడి అడుగుకు పోయేలా కూర్చోబెట్టాలి.

కప్పు దొర్లకుండా అడుగున చిన్న గుడ్డ మూటలో ఇసుక కట్టి పెట్టవచ్చు. అయితే అది గోదావరి ఇసుక కావాలి, అదీ కడిగి ఎండబెట్టింది కావాలి. దగ్గరలో ఉంది కదా అని సముద్రపు ఒడ్డు ఇసుక తెస్తే అందులోని ఉప్పు తేమను పీల్చి సూదులను తినేస్తుంది. తవుడు, ఊక నింపడం వల్ల పురుగు పడుతుంది. వానాకాలంలో నూలు పేలికలు చెమ్మగిల్లుతాయి కనుక ఎండ కాసిన రోజున కప్పును గంటసేపు బయట పెట్టడం మంచిది. పూర్వం ఐరోపా దేశాల్లో ఇటువంటి మెత్తలకు ఎమరీ పొడి నింపిన చిన్న సంచి వేలాడదీసేవారు. తుప్పు పట్టిన సూదిని అందులో నాలుగుసార్లు గుచ్చి తీస్తే శుభ్రపడేది.

వాడకంలోనూ మూడు జాగ్రత్తలు ఉన్నాయి. సన్నని సూది పూర్తిగా మెత్తలో మునిగిపోవచ్చు కనుక బెజ్జంలో జానెడు దారం ఉంచే గుచ్చాలి. ఇన్ని సూదులని లెక్క పెట్టుకొని, పని ముగిశాక సరి చూసుకోవాలి. రంగుల మెత్త పిల్లలకు బొమ్మలా కనిపిస్తుంది కనుక కప్పును వారికి అందని ఎత్తులో పెట్టాలి.

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. చిక్కల్లా అమ్మకం దగ్గర వస్తోంది. చెత్త నుంచి సంపద అంటూ ఇటువంటి వస్తువులు నేర్పి, ఇంట్లో కూర్చొనే సంపాదించవచ్చని మహిళలకు చెప్పడం పరిపాటి అయింది. ముడి సరుకు ఉచితం కనుక వచ్చిందంతా లాభమేనన్నది వారి వాదన. ఈ లెక్కలో చేసిన మనిషి కూలి ఎక్కడా లేదు. 2024-25లో రాష్ట్రంలో ఉపాధి హామీ పనికి రోజు కూలి 300 రూపాయలు. ఒక మహిళ రోజంతా కూర్చొని నాలుగు మెత్తలు చేస్తే, ఆ లెక్కన ఒక్కొక్కదానికి కూలే 75 రూపాయలు పడాలి. దారం, బంక, సంతకు పోయి వచ్చే ఖర్చు దానికి అదనం. ప్లాస్టిక్ పెట్టె అంతకంటె చౌకగా దొరుకుతుంటే పల్లెలో ఆ ధర పెట్టి కొనేవారెవరు? కొనేవారు లేక 20 రూపాయలకు ఇచ్చివేస్తే, కూలిలో 55 రూపాయలు ఆమె ఎదురు ఇచ్చుకున్నట్లే.

ఈ సంగతి ఈ ప్రాంతానికి కొత్త కాదు. నర్సాపురం లేసు దేశదేశాలకు పోయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కాని అల్లిన వారి చేతికి వచ్చిందెంత? జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఇక్కడి లేసు కార్మికుల మీద రాసిన పుస్తకం 1982లో వెలువడింది. రోజూ గంటల తరబడి అల్లే మహిళలను గృహిణులుగానే లెక్కగట్టి, వారి పనిని తీరిక వేళ కాలక్షేపంగా చూసినందువల్లనే కూలి అంత తక్కువగా ఉందని ఆమె వివరించారు. కాలక్షేపమన్న పేరు పెడితే కష్టానికి ధర అడిగే హక్కు పోతుంది. లేసు విషయంలో జరిగిన పొరపాటు గుడ్డ పేలికల విషయంలోనూ జరగరాదు.

అందుచేత నేర్పేవారు వరుస మార్చాలి. మొదటి మెత్త ఇంటికి, రెండవది ఊరి దర్జీకి, మూడవది బడిలో కుట్టుపని నేర్చుకొనే పిల్లలకు అని చెప్పాలి. అమ్మకం మాట ఎత్తితే కొనేవారెవరో, ఏ ధరకు కొంటారో, ఎన్ని కొంటారో ముందుగా చూపించాలి. అమ్మే ధరలో కూలి ఎంతో కాగితం మీద రాసి మహిళల చేతికి ఇవ్వాలి. అది చూపించలేనివారు సంపాదన ఆశ చూపకుండా, పని మాత్రమే నేర్పితే చాలు. మహిళలు కూడా పట్టుపట్టి ఈ లెక్క అడగాలి.

ధర పలికినా పలకకపోయినా, పిడి విరిగిన కప్పు ఈ వారమే అటక దిగవచ్చు. దర్జీని అడిగితే గుప్పెడు పేలికలు ఉచితంగానే ఇస్తాడు. అలా చేసిన మొదటి మెత్తను ఆ దర్జీ మిషను బల్ల మీదే పెడితే, ఆయన నోట్లోని గుండుసూదులకు ఒక చోటు దొరుకుతుంది.