అల్లుడి పెట్టెలో తూటా ప్రైమర్లు: అక్కడ సరదా, ఇక్కడ కేసు

సెలవులు వస్తే అమెరికా నుంచి పిల్లలు దిగుతారు. మొన్న మా సంఘం కార్యాలయానికి బళ్లారి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చారు. "మా అల్లుడు టెక్సాస్‌లో రైఫిల్ కాలుస్తాడు, తూటాలు తనే చేసుకుంటాడు. మన పొలం తుపాకీకి పనికొస్తాయని ఒక డబ్బా ప్రైమర్లు తెస్తానంటున్నాడు. తేవచ్చా సెక్రటరీ గారూ?" అని అడిగారు. వద్దని అక్కడే చెప్పాం. ఎందుకు వద్దో మిగతా ఇళ్లవారికీ తెలియాలని ఇది రాస్తున్నాం.

ప్రైమర్ అంటే తూటా అడుగున బిగించే చిన్న లోహపు గిన్నె. ఫైరింగ్ పిన్ తగలగానే నిప్పు పుట్టించి లోపలి మందును అంటిస్తుంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. సీసం కరిగించి గుండ్లు పోసుకునేవారూ ఉన్నారు. వాళ్లు ప్రైమర్‌ను లెక్క చూసి ఎంచుకుంటారు. పెద్దది 0.210 అంగుళాలు, చిన్నది 0.175. రైఫిల్ ప్రైమర్ రేకు పిస్టల్ దానికన్నా గట్టిది. సీసం గుండు మెత్తన, వేగం తక్కువ కాబట్టి సాధారణంగా మాగ్నమ్ రకం అవసరం పడదు. ప్రైమర్ మారిస్తే మందు కొలత మళ్లీ తక్కువ నుంచి మొదలుపెట్టాలి.

మన పెద్దాయన తుపాకీ గొట్టం మూతి నుంచి మందు కూరే రకం. 1959 ఆయుధాల చట్టం పంట రక్షణకు లైసెన్సు ఇచ్చేది ముందుగా ఆ రకానికే. దానికి ప్రైమర్ పట్టదు, పైన తొడిగే టోపీ కావాలి. అంటే ఇంత ప్రమాదం నెత్తికెత్తుకుని తెచ్చినా అది పనికిరాదు!

ఇక చట్టం సంగతి. ఆ చట్టంలో "మందుగుండు" అన్న మాటలో తూటా భాగాలు, తూటాలు చేసే యంత్రాలు కూడా చేరతాయి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా మందుగుండు దగ్గర పెట్టుకుంటే 2 నుంచి 5 ఏళ్ల శిక్ష. లైసెన్సు లేకుండా తయారుచేస్తే కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. తుపాకీకి లైసెన్సు ఉంది కదా అనుకోవద్దు, అది తయారీకి లైసెన్సు కాదు.

విమానంలో ప్రైమర్లు చేతిసంచిలోనూ, కింద వేసే పెట్టెలోనూ నిషేధమే. రేంజ్‌లో జేబులో పడి మరిచిపోయిన ఒక్క తూటా దొరికినా విమానాశ్రయంలో కేసు పెడుతున్నారు. తెలిసి పెట్టుకోలేదని రుజువైనప్పుడు హైకోర్టులు అలాంటి కేసులు కొట్టేశాయి. జత భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు 45వ సెక్షన్ కొంత మినహాయింపూ ఇస్తుంది. కానీ ఆ వాదన వినిపించేది కోర్టులో. అప్పటికి ప్రయాణం ఆగుతుంది, సెలవులు అయిపోతాయి, వకీలు ఫీజు మిగులుతుంది. ఉద్యోగానికి తిరిగి వెళ్లాల్సిన కుర్రాడికి అది చిన్న దెబ్బ కాదు.

పెద్దాయన బాధ మాకు అర్థం కాకపోలేదు. అడవిపందులు రాత్రికి రాత్రి వేరుశనగ చేను తవ్విపోతుంటే ఎవరు ఊరుకుంటారు? అయితే లైసెన్సు ఉన్నా అటవీశాఖ అనుమతి లేకుండా పందిని కాల్చడం వన్యప్రాణి చట్టం కింద నేరమే. హోసూరు, కృష్ణగిరి వైపు మనవాళ్లు గమనించాలి: తమిళనాడు 2025 జనవరిలో రిజర్వు అడవికి 3 కిలోమీటర్లు దాటిన చోట కాల్చడానికి ఒప్పుకుంది. కాల్చేది మాత్రం అటవీ సిబ్బంది, రైతు కాదు.

కాబట్టి మూడు పనులు చేయండి. పిల్లలకు ఇప్పుడే ఫోన్ చేసి, రేంజ్‌కు తీసుకెళ్లే సంచిని ప్రయాణానికి వాడొద్దని చెప్పండి. టోపీలు, మందు లైసెన్సు ఉన్న దుకాణంలోనే కొని బిల్లు దాచుకోండి. పంట పోతే అటవీశాఖలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. కన్నడంలో గానీ తమిళంలో గానీ అర్జీ రాయడం కష్టమైతే సంఘానికి రండి, మేము రాసిపెడతాం.