‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే ముందు



మన హాస్టల్ పిల్లల చదువు ఈనాడు సగం పుస్తకంలోను, సగం కంప్యూటరు తెర మీద నడుస్తోంది. స్కాలర్‌షిప్పుకు జ్ఞానభూమి, హాల్‌టికెట్టుకు బోర్డు వారి వెబ్‌సైటు, సీటుకు ఒకటి, ఉద్యోగానికి మరొకటి. 2022 మే 24 నాటి అల్లర్ల తరువాత కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపివేసినప్పుడు, అది లేకపోతే ఎన్ని పనులు ఆగిపోతాయో మనందరికీ తెలిసివచ్చింది. అంత అవసరమైన చోటికి వెళ్లిన ప్రతిసారీ మనం ఒక కాగితం చదవకుండానే సంతకం పెట్టి వస్తున్నాం. తెర అడుగున ‘మేము కుకీలు వాడుతున్నాము, అంగీకరించండి’ అని ఇంగ్లీషులో ఒక గడి వస్తుంది. పని తొందరలో దాన్ని నొక్కేస్తాం. అది దేనికో అడిగేవారు లేరు, చెప్పేవారూ లేరు.

తెలియకుండా ఇచ్చినది అంగీకారం కాదన్నది మా అభిప్రాయం. ‘వద్దు’ అనే హక్కు మనకు ఉంది. ఆ హక్కును వాడుకోవడం హాస్టల్లో ఉండగానే నేర్చుకోవాలి.

అసలు కుకీ అంటే ఏమిటి? వెబ్‌సైటుకు స్వతహాగా జ్ఞాపకం ఉండదు. ఒక పేజీ చూసి రెండో పేజీకి వెళితే, వచ్చినవాడే వచ్చాడో, కొత్తవాడు వచ్చాడో దానికి తెలియదు. ఈ చిక్కు తీర్చడానికి 1994లో అమెరికాలో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లి అనే యువ ఇంజనీరు కుకీని రూపొందించాడు. అంతర్వేది తీర్థంలో చెప్పుల స్టాండు దగ్గర మనకు ఇచ్చే టోకెను వంటిదే ఇది. టోకెను మీద మన పేరు ఉండదు, ఒక నంబరు ఉంటుంది. అది చూపిస్తే మన చెప్పులు మనకు ఇస్తారు. అలాగే వెబ్‌సైటు మన బ్రౌజరులో ఒక చిన్న నంబరు దాచి, మళ్లీ వెళ్లినప్పుడు దాన్ని చూసి మనల్ని గుర్తుపడుతుంది. లాగిన్ అయ్యాక ప్రతి పేజీకీ పాస్‌వర్డు అడగకపోవడం దీని చలవే. కనుక కుకీ దొంగ కాదు, వైరస్ కాదు. మన ఫోనులో ఫోటోలను అది చదవలేదు.

మరి ఇబ్బంది ఎక్కడ? తీర్థంలో ప్రతి కొట్టులోనూ ఒకే ఆసామి తాలూకు గుమస్తా కూర్చున్నాడనుకోండి. గాజుల కొట్టులో ఏమి బేరమాడామో, మందుల కొట్టులో ఏమి అడిగామో, ఏ కొట్టు దగ్గర డబ్బు చాలక వెనుదిరిగామో మన టోకెను నంబరు కింద ఒకే పుస్తకంలో రాసుకుంటున్నాడు. మనం వెళ్లినది కొట్టుకు, రాసుకునేది మాత్రం మనకు పరిచయం లేని మూడో మనిషి. వీటినే థర్డ్ పార్టీ కుకీలు అంటారు. వార్తల సైటులో, ఫలితాల సైటులో, షాపింగు సైటులో ఒకే ప్రకటనల కంపెనీ కుకీ ఉంటే, మూడింటిలోనూ తిరిగినది ఒకరేనని ఆ కంపెనీకి తెలిసిపోతుంది. ఉదయం ఒకచోట బూట్లు చూస్తే సాయంత్రం ఇంకొకచోట అవే బూట్లు ప్రకటనగా ఎదురయ్యేది ఇందుకే.

‘మన దగ్గర ఏముందని ఎవరు ఏమి పట్టుకుపోతారు?’ అని కొందరు మిత్రులు అంటారు. మేము ఈ మాటతో ఏకీభవించలేము. డబ్బున్నవాడు నెట్‌లో వెదికేది కొనుక్కోవడానికి. మనం వెదికేది ఎక్కువగా అవసరం కొద్దీ. ఫీజు కట్టడానికి అప్పు, త్వరగా వచ్చే ఉద్యోగం, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని జబ్బుకు మందు. అవసరం ఎంత గట్టిదో తెలిసినవాడికి ఎర వేయడం తేలిక. ఏమీ లేనివాడికి తన అవసరాన్ని గుట్టుగా ఉంచుకోవడమే మిగిలిన బలం. దాన్ని కూడా ఉచితంగా ఇచ్చేయమంటే ఎలా?

ప్రకటనలు లేకపోతే ఈ సైట్లు ఉచితంగా ఎలా నడుస్తాయని ఇంకొక వాదన ఉంది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. కానీ దినపత్రికలో వ్యవసాయం పేజీలో ఎరువుల ప్రకటన వేస్తారు, ఆ పేజీ చదివినవాడి వెంట ఇంటిదాకా వెళ్లరు. వెంటపడకుండా కూడా ప్రకటనలు వేసుకోవచ్చు. యూరప్‌లో ఈ విషయం మీద గట్టిగా నిలబడ్డారు. కుకీలను ఒప్పుకోవడం ఎంత తేలికో కాదనడం కూడా అంతే తేలికగా ఉండాలని చెప్పి, ఫ్రాన్సు దేశపు నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, కాదనడానికి ఎన్నో నొక్కులు పెట్టారన్నదే అభియోగం.

మన దేశంలో కూడా దారి పడింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలపై పెట్టిన ముఖ్యమైన బాధ్యతలకు అప్పటినుంచి 18 నెలల గడువు ఇచ్చారు. చట్టంలో కుకీ అనే మాట లేదు. కానీ ఒక మనిషిని గుర్తించగల సమాచారం ఏదైనా దాని పరిధిలోకే వస్తుంది. అంగీకారం స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత తేలికగా వెనక్కు తీసుకునే వీలుండాలని చట్టం చెబుతోంది. అంగీకారం అడిగే పత్రాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే అవకాశం ఇవ్వాలని కూడా చెబుతోంది. తెలుగు అందులో ఉంది. 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. కొన్ని మినహాయింపులున్నా, ఆ పిల్లల కదలికలను వెంటాడి వారికి గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు. మన హాస్టళ్లలో చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు అధికభాగం ఆ వయసువారే కదా!

చట్టం దాని దారిన అది రానీ. ఈలోపు మన చేతిలో ఉన్న పనులు మనం చేసుకోవాలి.

మొదటిది, నెట్ సెంటరు కంప్యూటరు. పదిమంది వాడే కంప్యూటరులో వెంటపడే కుకీ కన్నా లాగిన్ కుకీతోనే ముప్పు ఎక్కువ. లాగౌట్ చేయకుండా లేచి వస్తే మన టోకెను బల్ల మీద వదిలేసి వచ్చినట్టే. తరువాత కూర్చున్నవాడికి పాస్‌వర్డు అక్కరలేదు, మన ఖాతా తెరిచే ఉండవచ్చు. అందులో మన కులం, ఆదాయం, బ్యాంకు వివరాలు ఉంటాయి. కాబట్టి ఇన్‌కాగ్నిటో విండో తెరవమని అడగండి. ‘పాస్‌వర్డు గుర్తుంచుకోమంటారా?’ అంటే వద్దనండి. పని అయ్యాక లాగౌట్ చేసి, ఆ విండోలన్నీ మూసివేయండి. అప్పుడు ఆ కుకీలు చెరిగిపోతాయి. అయితే ఇన్‌కాగ్నిటో మాయా తెర కాదు. మనం వెళ్లిన సైటుకు, నెట్ ఇచ్చే కంపెనీకి మన రాక తెలుస్తూనే ఉంటుంది.

రెండోది, సొంత ఫోను. క్రోమ్ బ్రౌజరులో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి, అక్కడినుంచి ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళితే థర్డ్ పార్టీ కుకీలను ఆపే వీలుంది. వీటిని తామే తొలగిస్తామని గూగుల్ 2020లో చెప్పింది, 2024లో ఆ మాట వెనక్కు తీసుకుంది. కనుక ఆపవలసినది మనమే. సఫారీ 2020 నుంచి వాటిని తనంతట తానే ఆపుతోంది. ఫైర్‌ఫాక్సు కూడా 2019 నుంచే వెంటపడే కుకీలను అడ్డుకోవడం మొదలుపెట్టింది. గడి వచ్చినప్పుడు ‘రిజెక్ట్’ ఉంటే అదే నొక్కండి. లేకపోతే ‘అవసరమైనవి మాత్రమే’ అన్నది వెదకండి. సాధారణంగా సైటు పనికి ఇబ్బంది రాదు.

మూడోది, యాప్‌లు. వీటిలో వెంటపడే పని చాలావరకు ప్రకటనల గుర్తింపు నంబరుతో జరుగుతుంది. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగ్స్‌లో ప్రకటనల విభాగానికి వెళ్లి దాన్ని తొలగించుకోవచ్చు. ఒక సంగతి మరవకండి. కుకీని చెరిపితే మన దగ్గరున్న టోకెనే పోతుంది. వాళ్లు ఇంతకు ముందే పుస్తకంలో రాసుకున్నది పోదు. కాబట్టి ఇవ్వకముందే ఆలోచించడం మేలు.

ఇవన్నీ కంప్యూటరు కోర్సు చదివినవారికే అర్థమయ్యే విషయాలు కావు. ఒక ఆదివారం గంటసేపు కూర్చుంటే ఎనిమిదో తరగతి పిల్లవాడికి నేర్పవచ్చు. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు మొదలయ్యే ముందు ప్రతి హాస్టల్లోనూ అటువంటి గంట ఒకటి ఉండాలని మేము కోరుతున్నాము. వార్డెనుగారు అనుమతిస్తే చాలు, నేర్పడానికి పీజీ చదువుతున్న మావంటి పాత విద్యార్థులు ముందుకు రావాలి. విద్యార్థులకు సంబంధించిన ప్రభుత్వ వెబ్‌సైట్లు తాము ఏ సమాచారం దాస్తున్నాయో ముందుగా తెలుగులో చెప్పాలని కూడా మేము అడుగుతున్నాము.

మన జిల్లాకు డాక్టర్ అంబేద్కర్ పేరు ఉంది. మనిషికి గౌరవం ఒకరు దయతలచి ఇచ్చేది కాదని, అది హక్కని ఆయన జీవితం మనకు నేర్పింది. మన పేరు, మన అవసరం, మన రాకపోకలు ఎవరి పుస్తకంలోకి ఎక్కాలో చెప్పే హక్కు కూడా ఆ గౌరవంలో భాగమే. చేతనైనంతవరకు ఈరోజే మీ ఫోను సెట్టింగ్స్ ఒకసారి తెరచి చూడండి. చూశాక పక్క మంచం మిత్రుడికి కూడా చూపించండి.