సూత్రము కంఠస్థమైనచో చాలునా?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునందును, అశోక్ నగరు శిక్షణాలయములందును, నారాయణగూడ కళాశాలలందును పరీక్షలకై శ్రమించు యువజనులు పెక్కండ్రు గలరు. వారిలో భౌతికశాస్త్రము చదివినవారిని “సామర్థ్యము గరిష్ఠముగ నెప్పుడు ప్రసరించును?” అని యడిగినచో, “భారనిరోధము అంతర్నిరోధమునకు సమానమైనప్పుడు” అని తడుముకొనక చెప్పగలరు. ఉత్తరము సరియైనదే. కాని యది యే ప్రశ్నకు ఉత్తరమో తెలియనిచో ప్రయోజనము లేదని మా యభిప్రాయము.

12 వోల్టుల విద్యుచ్చాలక బలమును, 2 ఓముల అంతర్నిరోధమును గల బ్యాటరీ యొకటి యున్నదనుకొందము. దానికి 2 ఓముల నిరోధమును తగిల్చినచో 3 ఆంపియర్లు ప్రవహించి, ఆ నిరోధమునకు 18 వాట్లు చేరును. 1 ఓము తగిల్చినను, 4 ఓములు తగిల్చినను చేరునది 16 వాట్లే. కాబట్టి 18 వాట్లే గరిష్ఠము. అయితే అదే సమయమున మరి 18 వాట్లు బ్యాటరీలోనే వేడియై పోవుచున్నవి. సగము వ్యర్థము! 10 ఓములు తగిల్చినచో చేరునది 10 వాట్లే యైనను, నష్టము 2 వాట్లు మాత్రమే.

ఈ నియమమును 1840 ప్రాంతమున యాకోబి తెలిపెను. దీనినిబట్టి విద్యుద్యంత్రముల దక్షత సగమునకు మించదని కొందరు పొరబడిరి. 1879 ప్రాంతమున ఎడిసన్ అంతర్నిరోధము మిక్కిలి తక్కువగల డైనమోలను నిర్మించి ఆ భ్రమను తొలగించెను. మన పేటలకు చేరువనే, హుస్సేన్ సాగరు గట్టున, 1920 ప్రాంతమున వెలసిన విద్యుత్కేంద్రము నేడు లేదు. అట్టి కేంద్రము ఈ సూత్రమునే పాటించియున్నచో, పుట్టిన విద్యుత్తులో సగము యంత్రములనే వేడిచేసియుండెడిది.

రేడియో సంగతి వేరు. ఏరియలునకు అందు సంకేతము అత్యల్పము. అచ్చట దక్షతకంటె, దొరకినంత గ్రహించుటయే ప్రధానము, సమనిరోధమే యుక్తము. మరియొకటి: భారనిరోధము మార్పరానిదై, అంతర్నిరోధమే మన చేతిలోనున్నచో, రెంటిని సమానము చేయరాదు; అంతర్నిరోధమును వీలైనంత తగ్గింపవలయును.

కావున విద్యార్థులారా, లెక్కకు పూనుకొనుటకు ముందు మూడు సంగతులు విచారింపుడు: మార్పదగినదేది? మార్పరానిదేది? మనము కోరునది సామర్థ్యమా, దక్షతయా? బ్యాటరీ, రియోస్టాటు, అమ్మీటరు, వోల్టుమీటరు ఉన్నచో ఒక్క పూటలో ఈ పట్టికను స్వయముగ తయారుచేయవచ్చును. మార్కుల పత్రమునడుగు తల్లిదండ్రులు ఆ పట్టికను గూడ చూపుమని యడిగిన, బిడ్డలకు మేలు చేసినవారగుదురు.