చదునైన అడవికి దారే కాపలా

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో చొల్లంగి దాటాక ఎడమ చేతి వైపు కోరంగి అభయారణ్యం వస్తుంది. లోపల మడ చెట్ల మధ్య, బురదకు కాస్త ఎత్తులో, గుంజల మీద పరిచిన బాట ఉంటుంది. ఎక్కాల్సిన గుట్ట లేదు, దాటాల్సిన వాగు లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ, చంటిబిడ్డను చంకనెత్తుకున్న తల్లి, అప్పుడే పరుగులు నేర్చిన పిల్లవాడు ఎవరైనా నెమ్మదిగా నడిచి రావచ్చు. అడవిలోకి ఇంత తేలికగా వెళ్లగలిగే చోట్లు ఆంధ్ర తీరంలో చాలా తక్కువ. ఈ బాటను సెలవు రోజు కాలక్షేపంగా మాత్రమే చూడటం పొరపాటని, అడవిని నిలబెట్టే ఏర్పాట్లలో దీన్నీ ఒకటిగా గుర్తించాలని నా వాదన.

అడవిలో నడక అనగానే మన ఆలోచన కొండల మీదికి పోతుంది. మారేడుమిల్లి, తలకోన, నల్లమల అంటే కుర్రకారు సంచులు సర్దుకుంటారు. చదునుగా, సముద్ర మట్టానికి దాదాపు సమానంగా ఉండే అడవి గురించి అడిగితే ‘అక్కడ చూడ్డానికేముంది’ అంటారు. ఈ చిన్నచూపు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. కొండల మీద అడవి మిగలడానికి ఒక పెద్ద కారణం అక్కడ నాగలి సాగకపోవడమే. మైదానపు అడవికి ఆ రక్ష కూడా లేదు. వరికి, కొబ్బరికి, రొయ్యల చెరువుకు, ఓడరేవుకు, ఇళ్ల స్థలాలకు అన్నిటికీ కావలసింది ఆ చదును నేలే.

గోదావరి డెల్టా చరిత్రే ఇందుకు సాక్ష్యం. తొంభయ్యో దశకంలో రొయ్యల సాగు తీరం పొడవునా ఎంత వేగంగా పాకిందంటే, చివరికి 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని తీర నియంత్రణ మండలిలోని చెరువులపై తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లను తొలగించిన వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇళ్లు కావాలి, అందులో వాదనే లేదు. ఆ నేల మీద ఉన్నది అడవి అనే సంగతి ఊళ్లో ఎంతమందికి తెలుసన్నదే ప్రశ్న. రోడ్డు మీద నుంచి చూసేవారికి మడ అంటే బురద, పొదలు, దోమలు. పనికిరాని నేల అని ఎవరైనా అంటే కాదని చెప్పడానికి కళ్లారా చూసినవాళ్లు కావాలి.

మిగతా అడవుల్లో కాలిబాట లేకపోయినా పశువుల కాపరి వెంట నడవొచ్చు. మడలో అలా కుదరదు. అడుగు వేస్తే కాలు దిగబడే బురద, రోజుకు రెండుసార్లు వచ్చే పోటు. వేటకు వెళ్లే మత్స్యకారులు తప్ప మామూలు మనిషి లోపలికి అడుగు పెట్టాలంటే పడవైనా ఉండాలి, బాటైనా ఉండాలి. పడవ మీద వెళ్తే చెట్లు ఒడ్డున పచ్చటి గోడలా కనిపించి వెనక్కి పోతాయి. బాట మీద నడిస్తేనే ఆ గోడ లోపలి సంగతి తెలుస్తుంది.

మడ చెట్టు చుట్టూ బురదలోంచి వందల కొద్దీ ఊపిరి వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. బురదలో గాలి ఆడదు గనక చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. దాని ఆకును నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది. పీల్చుకున్న ఉప్పును ఆకుల మీదుగా బయటికి తోసేస్తుంది మరి. పొన్న చెట్టు పద్ధతి వేరు. కాండం నుంచి వంపు తిరిగిన వేళ్లను నేలలోకి దించి వాటి మీద నిలబడుతుంది. దాని విత్తనం తల్లి చెట్టుకు వేలాడుతూనే మొలకెత్తి, పొడుగ్గా పెరిగి, ఆ తర్వాతే నీటిలోకి జారుతుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు తాత్కాలికంగా పోవచ్చు. పాటు వేళ బురద మీద గెంతే చేపలు, ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉండి దాన్ని ఊపే ఎండ్రకాయలు కనిపిస్తాయి. పాఠ్యపుస్తకంలో రెండు పంక్తుల్లో ముగిసే విషయాన్ని పదేళ్ల పిల్ల ఇక్కడ చూసిందంటే జీవితాంతం మరచిపోదు. పోటులో ఒకసారి, పాటులో ఒకసారి రాగలిగితే అదే చోట రెండు వేర్వేరు అడవులు కనిపిస్తాయి. అందుకే టికెట్ల దగ్గర ఆ రోజు పోటు, పాటు వేళలు రాసిన పలక ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఖర్చు లేని పని అది.

ఈ నేలకు నడక కొత్తది కాదు. చొల్లంగి అమావాస్యకు వేలాది మంది సముద్ర స్నానానికి వస్తారు. గోదావరి ఏడు పాయలు కడలిలో కలిసే చోట్లను చుట్టే సప్తసాగర యాత్ర ఇక్కడే మొదలవుతుంది. రంగూన్‌కు తెలుగువారు ఓడలెక్కిన కోరంగి రేవు ఇక్కడిదే. 1789లోనూ 1839లోనూ తుపాను ఉప్పెనలు ఆ రేవు పట్టణాన్ని చావుదెబ్బ తీశాయి. అలల ఉరవడిని తగ్గించే మడ చెట్ల విలువ అర్థం కావడానికి ఇంతకన్నా తగిన చోటు ఉండదు. యాత్రకు వచ్చినవారిలో కొందరైనా ఆ బాట మీదికి రావాలి.

బాట వద్దనే వారి మాటలోనూ న్యాయం ఉంది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. నీటిపిల్లులు, నీటికుక్కలు, వలస పక్షులు బతికే చోటు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి బయటివారి ప్రవేశమే అనుమతితో కూడినది. ఆ అనుమతి ఇవ్వదగిన కారణాల్లో పర్యాటకం ఒకటి మాత్రమే. జనం పెరిగితే చెత్త పెరుగుతుంది, కేకలు పెరుగుతాయి. కార్తిక వనభోజనాల తర్వాత తోటల పరిస్థితి చూసినవారికి ఈ భయం ఎందుకో విడమరచి చెప్పక్కర్లేదు. కానీ ఆ భయానికి విరుగుడు కూడా బాటలోనే ఉంది. ఎత్తుగా, ఇరుకుగా, ఒకే చుట్టుగా ఉన్న బాట మనుషులను ఒక మూలకు పరిమితం చేసి మిగతా అడవిని వదిలేస్తుంది. దాన్ని ఇంకా లోపలికి పొడిగించకూడదు. రంగుల దీపాలు, మైకులు, తీగల మీద జారే ఆటలు, గాజు వంతెనలు దీని పక్కకు రానివ్వకూడదు. నీటిపిల్లి రాత్రిపూట వేటాడే జంతువు. చీకటిని దానికే వదిలేయాలి.

ఇలా కుదురుతుందా అనేవారు సింగపూర్ వైపు చూడవచ్చు. అంగుళం నేలకు కూడా లెక్క ఉండే ఆ దేశంలో సుంగే బులో అనే మడ ప్రాంతం విలువను 1986లో పక్షులను చూసేందుకు నడుస్తూ వెళ్లిన ఔత్సాహికులు గుర్తించారు. దాన్ని కాపాడమని ప్రభుత్వాన్ని కోరారు. 1993లో అది ప్రజలకు తెరుచుకుంది, 2002లో రక్షిత ప్రాంతమైంది. ప్రవేశం ఉచితం, మడ మీదుగా బాటలున్నాయి. అక్కడ ముందు నడక, తర్వాత రక్షణ. అమెరికాలో దక్షిణ కరోలినాలోని కాంగరీ జాతీయ వనంలోనూ వరద మైదానపు అడవి మీదుగా సుమారు నాలుగు కిలోమీటర్ల చెక్క బాట ఉంది, ప్రవేశ రుసుము లేదు. మనమూ కనీసం చుట్టుపక్కల ఊళ్ల బడిపిల్లలకు డబ్బు లేకుండా దారి తెరవాలి. తోడు నడిచి చెప్పే పనికి మత్స్యకార కుటుంబాల యువతను తీసుకుని జీతం ఇవ్వాలి. ఏ కాలువలో ఏ చేప గుడ్డు పెడుతుందో, ఏ చెట్టు ఎందుకు ఎండిందో వాళ్లకు తెలిసినంతగా బయటి నుంచి వచ్చిన గైడుకు తెలియదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ ఇక్కడి ఊళ్లవారితో కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు పారించి మడను తిరిగి పెంచినప్పుడు ఆ పల్లెల జ్ఞానమూ శ్రమా రెండూ అందులో ఉన్నాయి.

అన్నిటికన్నా నన్ను ఆందోళనపెట్టేది మరమ్మతు. ఉప్పు గాలి మేకులను తినేస్తుంది, తడి చెక్కను పుచ్చబెడుతుంది, తుపాను గుంజలను కదిలిస్తుంది. బాటలో ఒక్క చెక్క ఊడినా పడుచువాళ్లు గెంతి వెళ్లిపోతారు; చక్రాల కుర్చీలో వచ్చినవారు మాత్రం అక్కడే ఆగిపోతారు. ప్రజా సదుపాయాలు అందరికీ అందాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది, అడవి బాట అందుకు మినహాయింపు కాదు. తేలికైన నడక అన్న మాటకు అర్థం ఉండాలంటే ఆ ఒక్క చెక్క వారంలోగా మారాలి. కొత్త నిర్మాణానికి ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. పాత బాటకు మేకులు కొట్టే పనికి ఏ బడ్జెట్‌లోనూ ప్రత్యేక పద్దు ఉండదు. 2023లో మొదలైన మిష్టి పథకం మడ మొక్కలు నాటడానికి కేంద్రం చేపట్టిన కార్యక్రమం, మంచిదే. ఉన్న అడవిని చూపించే బాటల నిర్వహణకూ అలాంటి స్థిరమైన కేటాయింపు కావాలి. టికెట్ల డబ్బులో నిర్ణీత వాటా ఈ పనికే వెళ్లేలా ఉత్తర్వు ఇచ్చి, నెలనెలా బాట తనిఖీని స్థానిక సమితికి అప్పగించి, ఖర్చు లెక్కను గేటు దగ్గర అందరూ చదివేలా అతికించాలి.