వాకిట విడిచిన విద్య

పాదరక్షలను వాకిట విడిచి లోనికి రావడం మన ఇంటి మర్యాద. ఆ మర్యాదను మనం గడపతో ఆపలేదు. చెప్పులతోబాటు వాటిని కుట్టినవానిని, వాని విద్యను కూడ మన చదువునకు వెలుపలనే నిలిపినాము. ఈ మాట నాకై నాకు తోచినది కాదు. ఒక విద్యార్థి తోపించినది.

పాదుకా పట్టాభిషేక ఘట్టం చెబుతున్నాను. భరతుడు బంగారు తాపిన పాదుకలను అన్నగారి ముందుంచి, వాటిపై అడుగు మోపుమని ప్రార్థించడం, పిదప వాటిని శిరసున దాల్చి తెచ్చి నందిగ్రామంలో రాజ్యభారమంతా వాటికి నివేదించడం వర్ణించి, నాకు నేనే తృప్తిపడి పుస్తకం మూయబోతున్నాను. వెనుక బల్లనుంచి ఒక కుర్రవాడు లేచి, "ఆ పాదుకలు ఎవరు చేసినారండీ?" అని అడిగినాడు. తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వి, "కథకు అది అనవసరం, కూర్చోవోయ్" అన్నాను. ఆ పిల్లవాని తండ్రి బస్సు స్టాండు ప్రక్కన చెప్పులు కుట్టుకొని జీవిస్తాడని ఆనక తెలిసినది. నా నవ్వు నాకే ముల్లై గ్రుచ్చుకొన్నది.

ప్రశ్న అనవసరమైనది కాదు. మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు ఇంచుమించు ఇదే అడిగినాడు. గొడుగును, చెప్పులను దానమివ్వడం ఎట్లు వచ్చినదని అతని ప్రశ్న. భీష్ముడు జమదగ్ని కథ చెప్పినాడు. జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్నం ముని బాణాలు వేస్తున్నాడు, రేణుక ఏరి తెస్తున్నది. తలా కాళ్ళూ మాడి ఆమె చెట్టునీడను క్షణకాలం నిలిచినది. ఆలస్యానికి కారణం విని ముని సూర్యునిమీదనే బాణం ఎక్కుపెట్టినాడు. సూర్యుడు దిగివచ్చి తలకు గొడుగు, కాళ్ళకు తోలు చెప్పులు ఇచ్చి శాంతింపజేసినాడు. కథ రమ్యమైనదే. కాని చూడండి: చెప్పులు ఆకాశంనుంచి దిగినవి. దానమిచ్చేవానికి పుణ్యం, పుచ్చుకొనేవానికి సుఖం లెక్కకు వచ్చినవి. తోలు ఊనినవాడు మాత్రం లెక్కలో లేడు. (ఈ సూర్యునిగూర్చి ఒక ముచ్చట. ఉత్తరాది శిల్పాలలో ఆయన బూట్లు తొడుగుకొని కనబడతాడు. మన దక్షిణాదికి వచ్చేసరికి ఉత్త కాళ్ళతో నిలుచుంటాడు. చెప్పులు కనిపెట్టి ఇచ్చినవానికే మనం చెప్పులు విడిపించినాము!)

2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రాడా అనే సంస్థ తన కొత్త పురుష వేషాలను ప్రదర్శించినది. అందులో కొల్హాపూరు చెప్పులను పోలిన చెప్పులున్నవి. కొల్హాపూరు పేరు మాత్రం లేదు. మన దేశంలో గగ్గోలు పుట్టినది. తరువాత ఆ సంస్థ తన ప్రేరణ ఎక్కడిదో ఒప్పుకొన్నది. నాకూ కోపం వచ్చినమాట నిజం. కాని పేరు చెప్పలేదని పరాయివానిని నిలదీసిన మనం, ఆ పనివాని పేరు ఏ పాఠంలో చెప్పినాము?

ఆ చెప్పును ఒకమారు చేతిలోకి తీసుకొని చూడవలె. అట్ట అడుగు, బొటనవ్రేలికొక ఉంగరం, పాదం మీదుగా ఒక పట్టీ, ఇరుప్రక్కల చెవులవంటి రేకులు. మేకు అన్నది ఉండదు. తోలును తోలు త్రాటితోనే కుడతారు. ఎక్కువగా గేదె తోలు వాడతారు. పచ్చి తోలును సున్నపు నీట నానబెట్టి, రోమం గీకి, సంచివలె కుట్టి, నలగగొట్టిన తుమ్మచెక్క, కరక్కాయ అందులో పోసి, నీరు నింపి వ్రేలాడగడతారు. ఆ వగరు రసం మెల్లగా తోలులోకి ఇంకుతుంది. తొందర పనికిరాదు. వగరు చాలకపోతే తోలు కుళ్ళుతుంది. ఏ చెక్క ఎంత, ఎన్నాళ్ళు అన్నది కంటితో, ముక్కుతో, వ్రేలి కొసతో నిర్ణయించవలసిన విషయం. దీనిని రసాయనశాస్త్రమనక మరేమనాలి? సన్నని అల్లికల పని చాలావరకు ఇంటి ఆడవారిది. మన ప్రాంతాలలో తంగేడు చెక్కతోనూ తోలు ఊనేవారు. తంగేడుపువ్వు బతుకమ్మలో కెక్కినది. తంగేడు చెక్క పేరెత్తినవారు లేరు.

కాపశీ, పాయతాణ్, కచ్‌కడీ, బక్కల్‌నాలీ, పుకరీ అని ఆ చెప్పులలో రకాలున్నవి. కాపశీ అన్నది ఒక ఊరి పేరు. 1894 మొదలు 1922 వరకు కొల్హాపూరు నేలిన శాహూ మహారాజు ఈ వృత్తికి చేయూతనిచ్చినాడు. 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది: మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు. మంచిదే. ఆ గుర్తింపు నమోదైనది ఉభయ రాష్ట్రాల చర్మ పరిశ్రమాభివృద్ధి సంస్థల పేరిట. అక్కడ కూడ ఊరి పేరు దక్కినది గాని, మనిషి పేరు దక్కలేదు.

పేరు దక్కిన చెప్పులు కుట్టువాడొకడున్నాడు, 12వ శతాబ్దపు కల్యాణ నగరంలో. వీరశైవ సంప్రదాయం ఆతనిని హరళయ్య అంటుంది. ఆతని నమస్కారానికి బసవన్న రెండింతలుగా ప్రతినమస్కారం చేసినాడట. ఆ ఋణం తీరేదెట్లని హరళయ్య, భార్య కల్యాణమ్మ తమ తొడల చర్మంతో జోడు కుట్టి తెచ్చినారట. బసవన్న వాటిని తొడగలేదు, తలపై పెట్టుకొన్నాడు. ఇంతవరకు భరతుని కథకు ఈడైన కథ. పిమ్మట హరళయ్య కొడుకునకు, బ్రాహ్మణుడైన మధువరసుని కూతురునకు పెండ్లి జరిగినది. బిజ్జలుడు ఇద్దరు తండ్రులకూ మరణదండన విధించినాడని చెబుతారు. చెప్పులను నెత్తిన పెట్టుకొన్నంతసేపు లోకం సహించినది, మనిషిని సరసన కూర్చుండబెట్టగానే కత్తి దూసినది. తెలుగులో 1941నాటి 'గబ్బిలం'లో జాషువా చెప్పులు కుట్టి బ్రదికేవానిని కావ్యనాయకుని చేసినాడు. ఆ కావ్యాన్నీ మనం పద్యాల సొగసుకోసమే చెప్పి, ప్రతిపదార్థం వ్రాయించి ఊరుకొంటున్నాము.

"సాహిత్యం చెప్పేవారికి తోలు గొడవ ఎందుకు?" అని సహోపాధ్యాయు లొకరు నన్నడిగినారు. మాటలకోసమని బదులు చెప్పినాను. పావుకోళ్ళు, ముచ్చెలు, కిర్రుచెప్పులు అన్న పదాలకు అర్థం వ్రాయుమంటే మా విద్యార్థులు అన్నింటికీ 'చెప్పులు' అనే వ్రాస్తున్నారు. తప్పు వారిది కాదు. వస్తువును చూపకుండ పదం నేర్పబోయిన మాది.

మొన్న తెగిన జోడు పట్టుకొని ఆ పిల్లవాని తండ్రివద్దకు పోయినాను. ఆయన లేచి నిలుచున్నాడు. కూర్చోమని నేను ప్రక్కనున్న రాతిమీద కూర్చున్నాను. రంధ్రం పొడిచేది ఆరె, తోలు కోసేది రంపె అని చూపినాడు. కుట్టు ముగిసినాక, "మావాడు బాగా చదువుతున్నాడా అండీ?" అన్నాడు. మంచి ప్రశ్నలు వేస్తున్నాడని చెప్పినాను. వచ్చే సోమవారం అదే తరగతికి నాకు మళ్ళీ పాఠం ఉన్నది. ఆరె, రంపె ఒకరోజుకు ఇవ్వగలరా అని అడిగితే, "అవి లేకపోతే ఆ పూట పని సాగదు గదండీ, నేనే తెస్తాను" అన్నాడు.