కెమెరా వచ్చింది.. తెర రాలేదు

ప్రజాభిప్రాయ సేకరణ వీడియోలు ఢిల్లీ దస్త్రాల్లోకి.. ఊరివారికి దక్కుతున్నవి తోపులాట దృశ్యాలే

పార్లమెంటు సమావేశాలను దేశం నేడు ఇంట కూర్చుని చూస్తోంది. శాసనసభ చర్చలు రచ్చబండ మీది సెల్‌ఫోన్‌లోకి వచ్చేశాయి. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఎదుట సాగే వాదనలను సైతం ప్రత్యక్షంగా వినవచ్చు. అయితే తమ పొలం పక్కన రాబోయే కర్మాగారంపై మండల కేంద్రంలోనో, పాఠశాల ఆవరణలోనో జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సభలో ఎవరేం చెప్పారో, అధికారులు ఏమని రాసుకున్నారో మళ్లీ చూసుకునే అవకాశం మాత్రం గ్రామస్థులకు సులువుగా చిక్కడం లేదు. అక్కడ కెమెరా లేదా అంటే, ఉంది. ఆ సభను ఆద్యంతం వీడియో తీయాలని 2006 నాటి నిబంధనే చెబుతోంది. తీసిన వీడియో ఎక్కడికి వెళుతున్నది, దాన్ని ఎవరు చూస్తున్నారు అన్నదే జిల్లాల్లో నేటికీ సరైన జవాబు దొరకని ప్రశ్న.

రెండు రోజులు.. రెండు దృశ్యాలు

మన పార్లమెంటు తొలిసారి బుల్లితెరకెక్కింది 1989 డిసెంబరులో. ఉభయ సభలనుద్దేశించి రాష్ట్రపతి చేసిన ప్రసంగాన్ని దూరదర్శన్ ప్రత్యక్షంగా చూపింది. 1991 నుంచి ప్రశ్నోత్తరాల సమయాన్ని ప్రసారం చేయడం మొదలైంది. సోమనాథ్ ఛటర్జీ సభాపతిగా ఉండగా 2006 జులైలో లోక్‌సభ టీవీ 24 గంటల ఛానల్‌గా ప్రారంభమైంది. 2011లో రాజ్యసభ టీవీ వచ్చింది. 2021 సెప్టెంబరు 15న ఈ రెండూ కలిసి సంసద్ టీవీ అయ్యాయి.

తెరపై కనబడటానికీ, కనబడకపోవడానికీ ఉన్న తేడా ఎంతటిదో తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది. సరిగ్గా ఆ సమయంలోనే సభ నుంచి ప్రత్యక్ష ప్రసారం నిలిచిపోయింది. సాంకేతిక కారణాలవల్లే ఇలా జరిగిందని వివరణ వెలువడింది. కారణం ఏదైనప్పటికీ, కోట్లాది మంది భవితను మలుపు తిప్పిన ఘట్టాన్ని అటు తెలంగాణ ప్రజలు గానీ, ఇటు ఆంధ్ర ప్రజలు గానీ కళ్లారా చూడలేకపోయారు. బిల్లును స్వాగతించినవారికి అది వెలితిగా మిగిలితే, వ్యతిరేకించినవారికి తీరని అనుమానంగా మిగిలింది.

రెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 20న, రాజ్యసభలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఒక ప్రకటన చేశారు. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లపాటు ప్రత్యేక హోదా వర్తింపజేస్తామన్నది అందులోని ముఖ్యాంశం. ఆ మాట చట్టంలోకి ఎక్కలేదు. హోదా కూడా రాలేదు. కానీ ఆ దృశ్యం భద్రంగా ఉంది. తర్వాతి సంవత్సరాల్లో హోదా పోరు సాగినంతకాలం అన్ని పక్షాలూ ఆ ప్రకటననే ముందుకు తెచ్చాయి. హామీని నెరవేర్చనందుకు ఎన్ని కారణాలు చెప్పినా, అసలు హామీయే ఇవ్వలేదని బుకాయించే వీలు ఎవరికీ లేకపోయింది. కంటితో చూసిన సాక్ష్యానికి ఉండే బలం అది.

పగ్గాలు ఎవరి చేతిలో?

ప్రభుత్వ విచారణలను ప్రజలకు చూపే సంప్రదాయం అమెరికాలో పాతది. 1973లో వాటర్‌గేట్ వ్యవహారంపై సెనేట్ సంఘం జరిపిన విచారణను టీవీల్లో ప్రసారం చేశారు. ఆ ఏడాది జులై 16న అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ అనే మాజీ అధికారి, అధ్యక్ష భవనంలో సంభాషణలను రహస్యంగా రికార్డు చేసే ఏర్పాటు ఉందని సంఘం ఎదుట వెల్లడించారు. ఆ మాట దేశమంతా విన్నది. విన్న తర్వాత టేపులను దాచడం కష్టమైంది. 1974 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. 1979 మార్చి 19న సీ-స్పాన్ అనే ఛానల్ అక్కడి ప్రతినిధుల సభ ప్రసారాలను ఆరంభించింది. దానికి నిధులు సమకూర్చేది కేబుల్ పరిశ్రమే. ప్రభుత్వ సొమ్ముపై అది ఆధారపడలేదు.

అంతటి స్వతంత్ర ఛానల్‌కు సైతం సభ లోపలి కెమెరాలపై అధికారం లేదు. వాటిని సభే నడుపుతుంది. 2023 జనవరిలో స్పీకర్ ఎన్నిక తేలక, సభా నిబంధనలు ఆమోదం పొందని కొద్ది రోజుల్లో మాత్రం సీ-స్పాన్ సొంత కెమెరాలను తిప్పగలిగింది. సభ్యులు వరుసల మధ్య గుమిగూడి బేరసారాలు సాగించడం, ఒకరినొకరు బతిమాలుకోవడం, కయ్యానికి దిగడం అప్పుడే ప్రజల కంటపడ్డాయి. నిబంధనలు ఆమోదం పొందగానే పాత పద్ధతి తిరిగి వచ్చింది. మన చట్టసభల్లోనూ కెమెరా పగ్గాలు సభ చేతిలోనే ఉన్నాయి. సభలో గందరగోళం చెలరేగినప్పుడు తెరపై సభాపతి స్థానమే కనిపించడం వీక్షకులకు అలవాటైన దృశ్యం.

అసలు పని జరిగే చోటు తెరకు దూరం

సభలో కనిపించే రభస కంటే, కనిపించని సంఘాల్లో జరిగే పరిశీలన ఎంతో లోతైనది. 1993లో 17 శాఖలవారీ స్థాయీ సంఘాలు ఏర్పడగా, 2004లో వాటి సంఖ్య 24కు పెరిగింది. బిల్లుల్లోని ప్రతి నిబంధననూ, శాఖల పద్దులనూ ఇవి తరచి చూస్తాయి. అధికారులను పిలిచి ప్రశ్నిస్తాయి. అయితే లోక్‌సభ నియమావళి ప్రకారం సంఘాల సమావేశాలు గోప్యంగా జరగాలి. గోప్యతకు సమర్థన లేకపోలేదు. కెమెరా ఎదుట పార్టీ గొంతుతో మాట్లాడే సభ్యుడు, మూసిన తలుపుల వెనుక ప్రజాప్రతినిధిగా ఆలోచిస్తాడన్నది ఆ వాదన. ఇందులో నిజముంది. కానీ రైతు సంఘాలు, నిపుణులు, బాధితులు ఇచ్చే వాంగ్మూలాలను కూడా మూసి ఉంచడానికి ఆ వాదన చాలదు. సభ్యుల అంతర్గత చర్చ వేరు, సాక్షుల విచారణ వేరు.

ఈ ఖాళీని తెలుగునాట స్టూడియో చర్చలు ఆక్రమించాయి. నలుగురిని కూర్చోబెట్టి, నాలుగు పార్టీల వాదనలు వినిపించి, గంటలో ముగించే చర్చలో సాక్ష్యానికి చోటు తక్కువ. 2021 ఫిబ్రవరిలో ఒక తెలుగు ఛానల్ చర్చలో ఒక అతిథి మరొకరిని చెప్పుతో కొట్టారు. ఆ దృశ్యాన్ని చూసినవారు లక్షల్లో ఉంటారు. ఆనాటి చర్చాంశం ఎందరికి గుర్తుందో చెప్పడం కష్టం. గొడవ జరిగితేనే తెరకెక్కే ఈ అలవాటు జిల్లాల్లోని బహిరంగ సభలనూ వదల్లేదు. 2024 నవంబరు 11న వికారాబాద్ జిల్లా లగచర్లలో భూసేకరణపై అభిప్రాయ సేకరణకు వెళ్లిన కలెక్టరు, ఇతర అధికారులపై దాడి జరిగింది. ఆ దృశ్యాలు ఛానళ్లలో పదేపదే తిరిగాయి. దాడిని ఎవరూ సమర్థించరు. అయితే భూములు ఇవ్వలేమంటున్న రైతుల వాదన అదే స్థాయిలో వీక్షకులకు చేరిందా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

నిబంధన చెప్పేదేమిటి?

పరిశ్రమలు, గనులు, విద్యుత్ కేంద్రాల వంటి ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు ప్రజల అభిప్రాయం తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2006 సెప్టెంబరు 14న జారీ చేసిన నోటిఫికేషన్ నిర్దేశిస్తోంది. సభకు 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ ప్రకటన ఇవ్వాలి. జిల్లా కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి మొత్తం సభను వీడియో తీయించాలి. సభ చివర, వెల్లడైన అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. 8 రోజుల్లో ఆ నివేదికను, వీడియో ప్రతితో సహా, అనుమతినిచ్చే అధికార యంత్రాంగానికి పంపాలి. నివేదికను పంచాయతీ, జిల్లా పరిషత్తు, కలెక్టరు కార్యాలయాల్లో ప్రదర్శించాలి.

ఇక్కడే తిరకాసు ఉంది. పంచాయతీ గోడకు అంటించేది కాగితమే. వీడియోను ఊళ్లో ప్రదర్శించాలని నిబంధన ఎక్కడా చెప్పలేదు. సభలో ఒక మత్స్యకారుడు తన యాసలో పది నిమిషాలు మాట్లాడి ఉండవచ్చు. ఏ నెలలో ఏ చేప ఒడ్డుకు వస్తుందో, వేడినీరు సముద్రంలో కలిస్తే వలలో ఏమి మిగులుతుందో వివరించి ఉండవచ్చు. నివేదికలోకి వచ్చేసరికి అది ‘ఉపాధి దెబ్బతింటుందని ఆందోళన వ్యక్తం చేశారు’ అనే ఒక్క వాక్యమవుతుంది. ఇంగ్లీషులోకి వెళ్లాక మరింత కుదించుకుపోతుంది. ఢిల్లీలో కూర్చున్న నిపుణుల సంఘం చేతికి అందేది ఆ వాక్యమే. గ్రామస్థుడి మాట గ్రామస్థుడి గొంతుతో పూర్తిగా మిగిలే చోటు వీడియో ఒక్కటే. సారాంశం సరిగా ఉందో లేదో తేల్చడానికి ఉన్న ఏకైక కొలబద్ద కూడా అదే.

సోంపేట నేర్పిన పాఠం

శ్రీకాకుళం జిల్లా సోంపేట ఉదంతం ఈ లోపం ఎంత ఖరీదైనదో చూపింది. అక్కడి బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం నెలకొల్పాలన్న ప్రతిపాదనపై 2009లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఏడాది పొడవునా నీటితో, పంటతో, పక్షులతో ఉండే చిత్తడి నేల అది అని స్థానిక రైతులు, మత్స్యకారులు వాదించారు. కాగితాల్లో మాత్రం అది నిరుపయోగమైన భూమి. అభ్యంతరాలు వచ్చినా పర్యావరణ అనుమతి వచ్చేసింది. 2010 జులై 14న పనుల ప్రారంభాన్ని అడ్డుకున్న ప్రజలపై పోలీసులు కాల్పులు జరపగా గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. ఊరివారు మొదటినుంచీ చెబుతున్న మాటకు విలువ దక్కేసరికి ఊళ్లో శవాలు లేచాయి. వారి మాట సకాలంలో సరైన చోట వినబడి ఉంటే పరిస్థితి అంతదాకా వచ్చేది కాదని భావించడానికి ఆస్కారముంది.

గడువుతో పరుగు

వీడియో కావాలంటే సమాచార హక్కు చట్టం దారి చూపుతోంది. 2005 నాటి ఆ చట్టం ప్రకారం దస్త్రాలతో పాటు వీడియోల నకళ్లనూ కోరవచ్చు. దరఖాస్తు రుసుము 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. మరోవైపు, పర్యావరణ అనుమతిని జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో సవాలు చేయడానికి ఉన్న గడువూ 30 రోజులే. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ట్రిబ్యునల్ మన్నిస్తుంది. అంతకు మించితే తలుపు మూసుకున్నట్టే. అనుమతి వచ్చాక మేలుకొని వీడియో కోసం దరఖాస్తు పెట్టుకున్న రైతుకు, జవాబు అందేలోపే తొలి గడువు కరిగిపోతుంది. అందువల్ల సభ ముగిసిన మర్నాడే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వడం మేలు.

అయితే ప్రతి ఊరూ దరఖాస్తులతో తిరగాల్సిన అవసరమేమిటన్నది న్యాయమైన ప్రశ్న. వీడియో బహిరంగమైతే మాట్లాడినవారిపై ఒత్తిళ్లు పెరుగుతాయని, కెమెరా కోసం కేకలు వేసేవారు ఎక్కువవుతారని కొందరు అధికారుల సందేహం. ఇవి కొట్టిపారేయదగినవి కావు. కానీ అది మూసిన గది కాదు, వందల మంది ఎదుట, పోలీసుల సమక్షంలో, ప్రాజెక్టు యాజమాన్యం వేదిక మీద ఉండగానే మాట్లాడే బహిరంగ సభ. అక్కడ ఎవరేమన్నారో యాజమాన్యానికి తెలియనిది లేదు. తెలియనిది రాలేకపోయిన పొరుగూరివారికి, కూలికి వెళ్లిన మహిళలకు, వలస పోయిన యువకులకు మాత్రమే.

చేయదగినవి

ఇందుకు కొత్త చట్టాలు, భారీ ఖర్చులు అక్కరలేదు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న విచారణల ప్రత్యక్ష ప్రసారానికి పచ్చజెండా ఊపింది. తొలి ప్రసారం 2022 ఆగస్టు 26న జరిగింది. తెలుగువాడైన ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ పదవీ విరమణ రోజు అది. ఆ మరుసటి నెల నుంచి రాజ్యాంగ ధర్మాసనం విచారణలు తెరకెక్కాయి. దేశ అత్యున్నత న్యాయస్థానానికి లేని అభ్యంతరం మండల కేంద్రంలోని షామియానాకు ఉండనక్కరలేదు.

వీడియో ఎలాగూ తీస్తున్నారు. నివేదిక పంపే 8 రోజుల్లోపే దాన్ని జిల్లా అధికారిక వెబ్‌సైటులో ఉంచవచ్చు. ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయానికి ఇచ్చి, గ్రామసభ రోజున ప్రదర్శించవచ్చు. స్థానిక కేబుల్ ఆపరేటరుకు ఇస్తే రాత్రి భోజనాల వేళ ఊరంతా చూస్తుంది. సారాంశంలో తమ మాట తప్పిపోయిందని ఎవరైనా గుర్తిస్తే, నివేదిక ఢిల్లీ చేరేలోపే రాతపూర్వకంగా సరిదిద్దించుకునే వీలుండాలి. జిల్లా కలెక్టర్లు తలచుకుంటే ఇందులో చాలా భాగం ఒక ఉత్తర్వుతో అయ్యే పని. తదుపరి ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన పత్రికలో వెలువడినప్పుడు, సభ ఎక్కడ, ఎప్పుడు అన్న వివరాల పక్కనే వీడియో ఎక్కడ, ఎప్పుడు చూడవచ్చో కూడా ఒక్క వాక్యం ఉండాలని ఆయా గ్రామాలవారు ముందుగానే డిమాండ్ చేయాల్సి ఉంది.